యజమాని వెంటనే ఒప్పుకుంటే ఎందుకు ఆగి చూడాలి: డెల్టాలో నష్టపరిహార దావాల దర్యాప్తు

పనిచేస్తూ గాయపడిన మనిషికీ, పనిలో ప్రాణం పోగొట్టుకున్న మనిషి కుటుంబానికీ చట్టప్రకారం రావలసిన నష్టపరిహారం కోసం వేసే దావాల్లో కొన్ని బూటకపువి ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి బీమా కంపెనీలు దర్యాప్తు చేయిస్తాయి, ఈ దావాలను విచారించే నష్టపరిహార కమిషనరు సాక్ష్యం తీసుకుంటారు, అవసరమైతే పోలీసులు కేసు కడతారు. నేను కొన్నేళ్లపాటు బీమా కంపెనీల తరఫున గోదావరి జిల్లాల్లో ఇలాంటి దర్యాప్తులు చేశాను. ఆ తరువాత కార్మికుల పక్షాన దావా కాగితాలు తయారుచేసే పనిలోకి వచ్చాను. రెండు వైపులా పనిచేసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. దర్యాప్తు చేసేవారు కార్మికుని మాటను మాత్రమే గాలించి యజమాని మాటను యథాతథంగా తీసుకున్నంత కాలం అసలు మోసం వారి చేతికి చిక్కదు. కాగితం లేకపోవడాన్నీ, ఉన్న కాగితం అబద్ధం చెప్పడాన్నీ ఒకే గాటన కట్టినంత కాలం నిజమైన బాధితుడే నష్టపోతాడు.

ముందుగా చట్టం సంగతి. 1923 నాటి చట్టానికి 2010 నుంచి ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి రావడంతో దాని స్థానాన్ని సామాజిక భద్రతా కోడ్ తీసుకుంది. నేను ఇక్కడ చెప్పే ఫైళ్లన్నీ పాత చట్టం కింద నడిచినవే. ప్రమాదం ఉద్యోగ కారణంగానూ, ఉద్యోగం చేస్తున్న సమయంలోనూ జరిగితే యజమాని తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం చెల్లించాలి. మరణించినప్పుడు నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. శాశ్వత పూర్తి వైకల్యానికి సగానికి బదులు 60 శాతం తీసుకుంటారు. నెలకు 12,000 రూపాయలు సంపాదించే 40 ఏళ్ల మనిషి చనిపోతే గుణకం 184.17 కాబట్టి పరిహారం 11,05,020 రూపాయలవుతుంది. నెల రోజుల్లోగా చెల్లించకపోతే సాలుకు 12 శాతం సాధారణ వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే సగం వరకు జరిమానా కూడా పడతాయి. ఇంత సొమ్ము ఒక సంతకం మీద, ఒక సాక్షి మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు అబద్ధమాడాలనే ఆశ కొందరికి పుట్టడంలో వింత లేదు. అయితే ఆ ఆశ ఎవరికి పుడుతుందన్నదే తేల్చవలసిన విషయం.

డెల్టాలో దావాలు చూసిన వారెవరికైనా ఒక సంగతి త్వరలోనే తెలిసివస్తుంది. బీమా ఉన్న యజమాని అన్నీ ఒప్పుకుంటాడు, బీమా లేని యజమాని అన్నీ కాదంటాడు. లారీకో ట్రాక్టరుకో పాలసీ ఉంటే, యజమాని దాఖలు చేసే కౌంటరులో (జవాబు పత్రంలో) మనిషి తన దగ్గరే పనిచేశాడని, జీతం పిటిషనులో రాసినంతే ఇచ్చానని, ప్రమాదం డ్యూటీలోనే జరిగిందని, పాలసీ అమలులో ఉంది కాబట్టి బీమా కంపెనీయే చెల్లించాలని నాలుగు వాక్యాల్లో ఉంటుంది. కొందరు ఆ శ్రమ కూడా తీసుకోరు. నోటీసు అందుకుని విచారణకు రాకుండా ఊరుకుంటారు. అదే రొయ్యల చెరువు దగ్గరో, కొబ్బరి తోటలోనో, పాలసీ లేని చిన్న రైస్ మిల్లులోనో ప్రమాదం జరిగితే, చనిపోయిన మనిషి ముఖమే తనకు తెలియదని అదే తరగతి యజమాని ప్రమాణ పత్రం మీద చెబుతాడు. కాబట్టి దర్యాప్తు మొదలుపెట్టేవారు ముందుగా అడగవలసింది, సొమ్ము ఎవరి జేబులోంచి పోతుందన్న ప్రశ్న. యజమాని ఒప్పుకోలు గానీ నిరాకరణ గానీ ఆ సమాధానంతో కలిపి చదివినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

బీమా ఉన్న చోట నేను ఎక్కువగా చూసిన మోసం డ్రైవరు పేరు మార్చడం. కోతల కాలంలో పొలం నుంచి ధాన్యం బస్తాలు మిల్లుకు చేర్చే ట్రాక్టర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. వాటిని నడిపే కుర్రవాళ్లలో చాలామందికి లైసెన్సు ఉండదు. ట్రాక్టరు కాలువలోకి బోల్తాపడి నడుపుతున్న కుర్రవాడు చనిపోతే, లైసెన్సు లేదన్న కారణంతో కంపెనీ చెల్లించడానికి నిరాకరిస్తుందన్న భయంతో, నడిపింది మరొకరనీ చనిపోయినవాడు వెనుక ట్రక్కులో బస్తాల మీద కూర్చున్న కూలీ అనీ కథ మారుతుంది. దీనికి తలకిందులుగా నడిచే కథ కూడా ఉంది. ట్రాక్టరు మీద డ్రైవరుకు తప్ప మరొకరికి సీటు లేదు కాబట్టి, మడ్‌గార్డు మీద కూర్చుని జారిపడి చక్రం కింద నలిగిన మనిషిని డ్రైవరుగా చూపిస్తారు. యజమాని తమ్ముణ్ణో బావమరిదినో జీతగాడిగా రాయించడం మూడో రకం. బంధుత్వం ఉన్నంత మాత్రాన ఉద్యోగం అబద్ధం కానక్కరలేదు, కానీ జీతం ఎలా ముట్టిందో చూపించే బాధ్యత అక్కడ మరింత బరువవుతుంది.

ఇలాంటి ఫైలు వచ్చినప్పుడు నేను పిటిషను పక్కన పెట్టి, ప్రమాదం జరిగిన తొలి గంటల్లో పుట్టిన కాగితాలు ఏవేవి ఉన్నాయో ముందు చూసేవాణ్ణి. 108కు ఎవరు, ఏ సమయంలో, ఏ చోటి నుంచి ఫోన్ చేశారన్నది వారి రికార్డులో ఉంటుంది. గాయపడిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు, ప్రమాదం ఎలా జరిగిందని తీసుకువచ్చినవారిని అడిగి, చెప్పింది చెప్పినట్టు కేసు షీటులో రాసుకుంటారు. అక్కడి నుంచి పోలీసు ఔట్‌పోస్టుకు సమాచారం వెళుతుంది. తరువాత ఎఫ్ఐఆర్, మరణిస్తే శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, వాహనం ఉంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరిశీలన నివేదిక, చివరికి అభియోగ పత్రం. వీటిలో మొదటి రెండు కాగితాలు, అంటే 108 రికార్డూ కేసు షీటూ, పుట్టే సమయానికి ఎవరూ ఇంకా వకీలును కలవలేదు, నష్టపరిహారం మాట అనుకోలేదు, ప్రాణం నిలబెట్టుకోవాలన్న ఆరాటం తప్ప మరో ఆలోచన లేదు. అందుకే వాటికి బలం. 'ట్రాక్టరు నడుపుతూ పడిపోయాడు' అని కేసు షీటులో ఉండి, నాలుగు రోజుల తరువాత నమోదైన ఎఫ్ఐఆర్‌లో అదే మనిషి వెనుక కూర్చున్న కూలీగా మారితే, ఆ నాలుగు రోజుల్లో ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో తెలుసుకోవడమే దర్యాప్తు.

అయినా తొలి కాగితాన్ని వేదవాక్కుగా తీసుకోకూడదు. మన జిల్లాల్లో గాయపడిన కూలీని ఆసుపత్రికి తీసుకువెళ్లేది చాలాసార్లు యజమాని గుమాస్తాయో మేస్త్రీయో అవుతారు. పోలీసు కేసు తప్పించుకోవడానికి 'ఇంటి దగ్గర జారిపడ్డాడు' అని రాయించేది కూడా వారే. ఊపిరి అందక స్ట్రెచరు మీద ఉన్న మనిషి దానిని ఖండించలేడు, వెనక నుంచి ఆటోలో వచ్చే భార్యకు ఆ మాట రాసినట్టే తెలియదు. ఆ తరువాత కుటుంబం నిజం చెబితే, కంపెనీ తరఫు వకీలు అడ్డ విచారణలో కేసు షీటు చూపించి వారిని అబద్ధాలకోరులుగా నిలబెడతాడు. కాబట్టి కేసు షీటులో 'తీసుకువచ్చిన వ్యక్తి' అన్న గడి ఎదుట ఎవరి పేరుందో, ఆ మనిషికి యజమానితో ఏమి సంబంధమో చూడని దర్యాప్తు సగం దర్యాప్తే. చాలా నివేదికల్లో ఆ గడి గురించి ఒక్క వాక్యం కూడా కనిపించదు.

వాహనం విషయంలో నిజం తేల్చే సాధనాలు ఇప్పుడు పెరిగాయి. లైసెన్సు అసలుదో కాదో రవాణా శాఖ రికార్డులో క్షణంలో తెలుస్తుంది. టోలు గేటు దాటిన సమయం ఫాస్టాగ్ ఖాతాలో ఉంటుంది, సరుకుతో పాటు వెళ్లిన ఈ-వే బిల్లు ఉంటుంది, మిల్లు దగ్గర కాటా చీటీ మీద బండి నంబరూ తేదీ సమయమూ ఉంటాయి. భీమవరం వైపు నుంచి ఐసు వేసిన చేపలతో ఉత్తరాదికి వెళ్లే లారీలకైతే లోడు ఎత్తిన చోట డ్రైవరు పేరు, ఫోను నంబరు రాసుకునే అలవాటు కూడా ఉంది. ప్రమాదం జరిగిన రాత్రి డ్రైవరుగా చెప్పుకుంటున్న మనిషి ఫోను వేరే ఊళ్లో ఉందని తేలడంతో కథ ముగిసిన ఫైళ్లు ఉన్నాయి. ఆ వివరాలు పోలీసుల ద్వారానో, కమిషనరు ఆదేశంతోనో తెప్పించుకోవాలి తప్ప, దర్యాప్తు పేరుతో అడ్డదారిన సంపాదించడం నాకు ఏనాడూ సమ్మతం కాలేదు.

రొయ్యల చెరువు దగ్గర ఈ సాధనాలేవీ ఉండవు. అక్కడి దావా గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో ఇవాళ మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటున్న చోట్లలో అది ముఖ్యమైనది. భార్యాభర్తలు చెరువు గట్టు మీద మకాంలో కాపురముంటూ కాపలా కాస్తారు, మేత వేస్తారు, రాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతే లేచి స్టార్టరు దగ్గరకు పరుగెడతారు. తడి నేల, ఉప్పు గాలికి పాడైన వైర్లు, అతుకులు వేసిన కేబుళ్లు, సరైన ఎర్తింగు లేకపోవడం, వీటన్నిటి మధ్య ఒక తెల్లవారుజామున మనిషి షాకు కొట్టి చనిపోతాడు. భూమి ఒకరిది, లీజు మరొకరిది, మేత అప్పు ఇచ్చి రొయ్యల పట్టుబడి సొమ్ములో వాటా తీసుకునేది ఇంకొకరు. జీతం చేతికి నగదుగా వస్తుంది, మస్టరు (హాజరు పట్టీ) ఉండదు, నియామక పత్రమన్న మాటే వినబడదు. దావా వేయగానే లీజుదారు 'అతను చేపలు పట్టుకోవడానికి దొంగతనంగా వచ్చాడు' అనో, 'చుట్టపు చూపుగా వచ్చి ఉన్నాడు' అనో కౌంటరు వేస్తాడు.

అటువంటి చోట ఉద్యోగాన్ని రుజువు చేసేవి ఉద్యోగపు కాగితాలు కావు, బతుకు తాలూకు కాగితాలు. మేత కొట్టు నుంచి బస్తాలు దింపించుకున్నప్పుడు చీటీ మీద పెట్టిన సంతకం, లీజుదారు ఫోన్‌పేలో అప్పుడప్పుడు పంపిన అయిదు వందలు, వెయ్యి, రాత్రి రెండింటికి 'కరెంటు పోయింది' అని చేసిన ఫోన్లు, పిల్లల్ని చెరువుకు దగ్గర్లోని బడిలో చేర్పించిన తేదీ, రేషను ఎక్కడ తీసుకున్నారన్నది ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ రావాలి. విద్యుత్ ప్రమాదంలో మరణం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారించి ఏ పరికరం వల్ల, ఎవరి సర్వీసు మీద షాకు వచ్చిందో నివేదిక ఇస్తారు. ఆ సర్వీసు నంబరు ఎవరి పేరు మీద ఉందో తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఉంటుంది. పోస్టుమార్టంలో విద్యుత్ గాయం ఏ చేతిమీద ఉందో, చనిపోయిన చోటు స్టార్టరుకు ఎంత దూరమో పంచనామా చెబుతుంది. దొంగతనానికి వచ్చిన మనిషి స్టార్టరు బోర్డు తలుపు తీసి ఫ్యూజు వేయడు. ఇంత చిన్న తర్కం దర్యాప్తు నివేదికలో రాయడానికి ఎవరూ ఉండరు, ఎందుకంటే అక్కడ బీమా కంపెనీ లేదు, కంపెనీ లేకపోతే దర్యాప్తుకు సొమ్ము పెట్టేవారు లేరు. యజమాని చెప్పే అబద్ధం మోసమే అయినా దానిని శోధించే యంత్రాంగం మనకు ఏర్పడలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే.

కొబ్బరి దింపు కార్మికుల దావాల్లో చిక్కు వేరేలా ఉంటుంది. అంబాజీపేట, రాజోలు ప్రాంతాల్లో దింపు కార్మికుడు ఈ రోజు ఒక రైతు తోటలో, రేపు మరో వర్తకుడి కోసం, ఎల్లుండి తన పెరట్లో చెట్టెక్కుతాడు. పడింది ఎవరి చెట్టు మీద నుంచి అన్నదాని మీదే దావా అంతా నిలబడుతుంది. ఒకప్పుడు యజమాని వ్యాపారంతో సంబంధంలేని తాత్కాలిక పనివాడు చట్టం పరిధిలోకి రాడన్న మినహాయింపు ఉండేది. 2000 సవరణతో అది తొలగిపోయింది. ఈ సంగతి తెలియని దర్యాప్తు అధికారులు 'రోజుకూలీ కాబట్టి ఉద్యోగి కాడు' అని ఇప్పటికీ నివేదికలు రాయడం విచారకరం. తన పెరట్లో పడి, వర్తకుడి పనిలో పడ్డానని చెప్పిన వారు లేరని నేను అనను. అది తేలాలంటే చెట్టు దగ్గరకు వెళ్లాలి. ఆ రోజు దింపిన కాయలు ఎవరి రాశిలోకి వెళ్లాయి, ఒలుపు వాళ్లకు ఆ వారం కూలి ఎవరిచ్చారు, లెక్కపుస్తకంలో ఆ తోట పేరు ఉందా, తనతోపాటు తాడు పట్టినవాడు ఎవరు అని అడిగితే ఒక పూటలో నిజం బయటపడుతుంది. అందరు సాక్షులూ ఒకే వాక్యాన్ని ఒకే మాటలతో చెబితే అనుమానించాలి. నిజంగా చూసినవారు ఒకరు పడ్డ శబ్దం గురించి, మరొకరు నీళ్లు తెచ్చిన బిందె గురించి చెబుతారు, సమయంలో అరగంట తేడా కూడా వస్తుంది. ఆ తేడాను పట్టుకుని సాక్ష్యమంతా అబద్ధమని రాయడం దర్యాప్తు అనిపించుకోదు.

వయసు, జీతం, వైకల్య శాతం, ఈ మూడింటిలో జరిగే మోసం లెక్కల మోసం. 30 ఏళ్లకు గుణకం 207.98, 40 ఏళ్లకు 184.17. పైన చెప్పిన జీతానికి వయసు పదేళ్లు తగ్గించి చూపితే పరిహారం 1,42,860 రూపాయలు పెరుగుతుంది. అయితే మన కూలి జనంలో పుట్టిన తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1 పడినవారు ఎందరో ఉన్నారు. ఆధార్‌కూ రేషను కార్డుకూ నాలుగేళ్ల తేడా ఉంటే అది మోసానికి గుర్తు కాదు, రాసినవారి అంచనా మాత్రమే. వయసు నిర్ణయానికి ఆధార్‌ కంటే బడి ధ్రువపత్రానికి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. బడి ముఖం చూడని మనిషి విషయంలో పెద్ద కొడుకు వయసు, పెళ్లి సంవత్సరం, పోస్టుమార్టం చేసిన డాక్టరు అంచనా కలిపి చూసుకోవాలి. జీతానికి వస్తే, పాత చట్టం కింద 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకున్న గరిష్ఠ నెల జీతం 15,000 రూపాయలు. అప్పటి నుంచి పిటిషన్లన్నిటిలో జీతం కచ్చితంగా 15,000 అని ఉండటం మొదలైంది. నిజంగా ఎంత వచ్చేదో రాస్తే దావాకు బలం పెరుగుతుందని వకీళ్లకు నచ్చజెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

వైకల్య శాతం దగ్గర సొమ్ము తేడా ఎక్కువ. పాత చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం చూపుడు వేలు పూర్తిగా పోతే ఆర్జన శక్తిలో నష్టం 14 శాతం, బొటనవేలు పోతే 30 శాతం. పీచు మిల్లు యంత్రంలో చూపుడు వేలు పోయిన 40 ఏళ్ల మనిషికి 12,000 జీతం మీద 14 శాతం చొప్పున 1,85,643 రూపాయలు వస్తే, ఎవరో డాక్టరు 40 శాతమని రాసిస్తే అది 5,30,000 దాటుతుంది. చికిత్స చేయని డాక్టరు, ప్రమాదం జరిగిన ఏడాది తరువాత, ఎక్స్‌రే లేకుండా ఇచ్చిన ధ్రువపత్రం కనబడితే ఆ డాక్టరును సాక్షిగా పిలిపించి అడగడం న్యాయమే. అయితే శాతం ఎక్కువగా ఉన్నంత మాత్రాన మోసమని తేల్చేయకూడదు. 1976లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో, ఎడమ చేయి పోయిన మనిషి వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమేనని తీర్పిచ్చింది. దింపు కార్మికుడి మడమ ఎముక సరిగా అతకకపోతే, ఆఫీసు బల్ల ముందు కూర్చునేవారికి అది చిన్న లోపం, అతనికి మాత్రం వృత్తి పోయినట్టే.

ఇక్కడే ఫోటోల ప్రస్తావన తేవాలి. గాయపడ్డానని చెప్పే మనిషిని చాటుగా వీడియో తీసి, అతను నడుస్తున్నాడనో బండి నడుపుతున్నాడనో చూపించడం కొందరు దర్యాప్తుదారులకు ఇష్టమైన పద్ధతి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం మధ్య నిలబడి ఉన్న ఒక కూలీ ఫోటోను, కాలు విరగలేదనడానికి సాక్ష్యంగా ఫైలులో జతచేయడం నేను చూశాను. ఊరంతా ప్రభ వెంట కదిలే రోజున మనిషి మంచం మీద పడి ఉండాలని ఎవరూ ఆశించకూడదు. ఆ ఫోటోకు ముందు అతను ఎలా వచ్చాడు, తరువాత ఎంతసేపు కూర్చున్నాడు, మర్నాడు కాలు ఎంత వాచింది అన్నవి ఫోటోలో ఉండవు. అతను మళ్లీ చెట్టెక్కుతున్నట్టు చూపే ఫోటో అయితే అది సాక్ష్యం. దానికీ దీనికీ ఉన్న తేడా తెలియని చేతిలో కెమెరా పెట్టడం అన్యాయం.

గుండెపోటు మరణాలు, సముద్రంలో గల్లంతైన మనుషుల కేసులు కష్టమైనవి. లారీ క్లీనరు గుండెపోటుతో చనిపోయిన ఒక కేసులో, పని ఒత్తిడికీ మరణానికీ సంబంధం ఉందని చూపే సాక్ష్యం లేదంటూ సుప్రీంకోర్టు 2006లో పరిహారాన్ని నిరాకరించింది. ఓడలో పనిచేస్తూ కనిపించకుండా పోయిన నావికుడి కేసులో 1969లోనే, మరణం ఉద్యోగ కారణంగా జరిగిన ప్రమాదమని చూపే బాధ్యత దావా వేసినవారిదేనని చెప్పింది. కాబట్టి అంతర్వేది నుంచో కాకినాడ నుంచో వేటకు వెళ్లిన బోటులోంచి రాత్రి ఒక మనిషి గల్లంతైతే, తోటి కళాసీల వాంగ్మూలం తీరం చేరిన వెంటనే నమోదు కావడం ఎంతో ముఖ్యం. వల లాగుతుండగా పడ్డాడా, నిద్రలో జారాడా, గాలి ఎలా ఉంది అన్న మాటలు వారం తరువాత చెబితే నేర్పించినవిగా కనబడతాయి.

ఒకే ప్రమాదానికి రెండు చోట్ల దావా వేయడం స్పష్టమైన మోసం, పట్టుకోవడం కూడా సులువు. రోడ్డు ప్రమాదంలో మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకో, నష్టపరిహార కమిషనరుకో ఏదో ఒక చోటికే వెళ్లాలని మోటారు వాహనాల చట్టం 167వ సెక్షను చెబుతోంది. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలోని కార్మికుడు అదే గాయానికి నష్టపరిహార దావా వేయడానికి వీలులేదు. ప్రమాదం జరిగిన చోటగానీ, తాము నివసించే చోటగానీ దావా వేసుకోవచ్చన్న మంచి వెసులుబాటు ఉన్నందువల్ల, యానాంలో ఇల్లు, తాళ్లరేవులో పని ఉన్న కుటుంబం రెండు పాలనల కింద రెండు పిటిషన్లు వేసినా వెంటనే ఎవరికీ తెలియదు. ఎఫ్ఐఆర్ నంబరును పట్టుకుని రెండు చోట్లా వెతికితే చాలు. పెద్ద ఎత్తున జరిగే మోసం వెనుక ఒంటరి కార్మికుడు ఉండడన్నది ఉత్తరప్రదేశ్ ఉదంతం చూపించింది. మోటారు ప్రమాద, కార్మిక నష్టపరిహార దావాల్లో బూటకపు కేసుల మీద అలహాబాద్ హైకోర్టు 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. 2021లో సుప్రీంకోర్టు ఆ దర్యాప్తు నత్తనడక మీద అసంతృప్తి తెలిపింది, వకీళ్ల మీద కూడా చర్యలు మొదలయ్యాయి. మోసంతో పొందిన పరిహారపు ఉత్తర్వును తిరిగి విచారించి వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2000లోనే స్పష్టం చేసింది కాబట్టి, చెల్లించాక తెలిసినా దారి మూసుకుపోదు.

ఇక యజమానుల వైపు మోసం. ప్రమాదం జరిగిన మూడో రోజునే పెద్దమనుషుల మధ్య కూర్చోబెట్టి, స్టాంపు పేపరు మీద చనిపోయినవాడి భార్య వేలిముద్ర తీసుకుని, లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి 'ఇక ఏ బాకీ లేదు' అని రాయించుకోవడం డెల్టాలో మర్యాదగా చలామణి అవుతోంది. చట్టం దీనిని ఒప్పుకోదు. మరణానికి ఇవ్వవలసిన పరిహారం కమిషనరు దగ్గరే జమచేయాలి. మూడు నెలల జీతం మేరకు అడ్వాన్సు తప్ప నేరుగా ఇచ్చింది పరిహారం చెల్లింపుగా చెల్లదు. హక్కు వదులుకుంటూ రాసిన ఒప్పందం పాత చట్టం 17వ సెక్షను ప్రకారం శూన్యం. మరణం జరిగితే, తీవ్ర గాయమైతే ఏడు రోజుల్లో కమిషనరుకు నివేదిక పంపే బాధ్యత ఆ చట్టం 10బి సెక్షను కింద ఉండేది. ఆ నివేదిక పంపిన చిన్న యజమానిని నేను అరుదుగా చూశాను. ప్రీమియం తగ్గించుకోవడానికి నలభై మంది పనిచేసే చోట పన్నెండు మందినే చూపించడం, ప్రమాదం జరిగాక ఆ పన్నెండులో ఒకరి పేరుతో గాయపడిన మనిషిని ఆసుపత్రిలో చేర్పించడం కూడా మోసమే. దానికి మస్టరూ, జీతాల పుస్తకమూ, పాలసీ ప్రతిపాదన పత్రమూ పక్కపక్కన పెట్టి చూడాలి. కమిషనరు ముందు ప్రమాణం చేసి అబద్ధమాడితే శిక్ష కార్మికునికీ యజమానికీ సమానమే. యజమాని మీద ఆ ప్రక్రియ మొదలైన ఫైలు మాత్రం నా కంటపడలేదు.

కొత్త కోడ్‌లో దర్యాప్తును మరింత కష్టతరం చేసే, కార్మికులకు ఎంతో అవసరమైన ఒక మార్పు ఉంది. ఇంటి నుంచి పనికి వెళుతూనో, పని నుంచి ఇంటికి వస్తూనో జరిగిన ప్రమాదానికి, ఆ సమయానికీ చోటుకూ ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే, దానిని ఉద్యోగ ప్రమాదంగానే పరిగణిస్తారు. తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు వెళ్లే ఆడవాళ్లు ఈ రక్షణ కిందకు వస్తారు. వారు ఏ ఊళ్లో ఎన్ని గంటలకు ఎక్కారో, ఆటోను మాట్లాడింది కాంట్రాక్టరా ప్లాంటా అన్నది ఇప్పుడు ఎక్కడా రాసి ఉండదు, హాజరు గేటు దాటాకే పడుతుంది. ప్రమాదం గేటుకు ముందు జరిగితే ఆ రోజు ఆమె పనికి రాలేదని పుస్తకం చెబుతుంది, ఆ పుస్తకాన్నే తెచ్చి దావా బూటకమని వాదిస్తారు. ప్లాంట్లు ఆటో ఎక్కే చోటనే పేర్లు రాసుకునే పద్ధతి పెట్టాలనీ, ఆ జాబితా ఒక ప్రతి కార్మికుల దగ్గర ఉండాలనీ కార్మిక శాఖ అధికారులకు మా వైపు నుంచి వినతి పత్రాలు ఇస్తున్నాం. అంతవరకు ఆ ఆడవాళ్లకు నేను చెబుతున్నది, ఆటో కదలగానే బండి నంబరు కనబడేలా ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోనుకు పంపమని.